లేత కొమ్మతో కొత్త మొక్క: మందారం, నందివర్ధనం, కనకాంబరం కటింగ్స్‌కి ఇంట్లోనే వేళ్లు తెప్పించడం ఎలా?

తొలకరి పడ్డాక ఎవరో ఒకరు మా గేటు దగ్గర ఆగి ఇదే మాట అంటారు: “మీరిచ్చిన మందారం కొమ్మ గుచ్చానండీ. పది రోజులు పచ్చగానే ఉంది, చిన్న ఆకు కూడా వేసింది. తర్వాత ఎందుకో నల్లబడి పోయింది. మీ హస్తవాసి మాకు లేదు లెండి.”

హస్తవాసి సంగతి పక్కన పెట్టండి. మొదటి రెండేళ్లు నేను గుచ్చినవి కూడా ఇలాగే పోయాయి. అడిగిన ప్రతివాళ్లకీ గేటు దగ్గర నిలబడి చెప్పే బదులు మొత్తం ఒకచోట రాసేస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం తెలిస్తే చాలు. కోసిన కొమ్మకు నీళ్లు తాగడానికి వేళ్లు లేవు, ఆకులు మాత్రం నీళ్లు వదులుతూనే ఉంటాయి. ఆకు వాడింది కదా అని మనం కుండీలో ఇంకాస్త నీళ్లు పోస్తాం. ఆ నీళ్లు ఆకుకి అందవు, కాడ అడుగున నిలిచి కుళ్లబెడతాయి. అందుకని తేమ ఎక్కువగా ఉండాల్సింది ఆకుల చుట్టూ ఉన్న గాలిలో. అడుగున చెమ్మ ఉంటే సరిపోతుంది. కింద రాసినవన్నీ ఈ ఒక్కదాని కోసమే.

ఏ మొక్కలకు ఈ పద్ధతి?

మొదటిసారి చేస్తుంటే కోలియస్, డురాంటా, దేశవాళీ ఎర్ర మందారం, కనకాంబరం, నందివర్ధనం వీటిలో ఒకటి తీసుకోండి. కనకాంబరాల్లో ఢిల్లీ రకం గింజ కట్టదు కాబట్టి దానికి కొమ్మలే గతి. మల్లె, నూరు వరహాలు, క్రోటన్ కొంచెం ఓపిక అడుగుతాయి.

పెద్ద పెద్ద పూల హైబ్రిడ్ మందారాలు పది పెడితే రెండు మూడు పట్టుకుంటే గొప్ప అనుకోండి. వాటిని నర్సరీల్లో చాలాసార్లు అంటు కట్టి అమ్మేది అందుకే. కాగితం పూలకు, గులాబీకి లేత చిగురు కంటే పెన్సిల్ మందం ముదురు కొమ్మ నయం. కరివేపాకును కొమ్మతో పెంచాలని పట్టుబట్టకండి. తల్లి చెట్టు పక్కన వేరు మీద లేచే పిలకను తవ్వి తెచ్చుకోవడం ఎంతో సులువు.

ఎప్పుడు పెట్టాలి?

మృగశిర కార్తె వానలకు మొక్కలు కొత్త చిగుళ్లు వేస్తాయి. ఆ చిగురు కాస్త గట్టిపడేసరికి ఆరుద్ర వస్తుంది. జూన్ చివరి వారం నుంచి ఆగస్టు నడిమి దాకా, అంటే ఆరుద్ర నుంచి ఆశ్లేష వరకు, మంచి అదును. గాలిలో తేమ ఉంటుంది, ఎండ తీవ్రత తగ్గుతుంది. ఫిబ్రవరి, మార్చిల్లో ఇంకో విడత పెట్టుకోవచ్చు కానీ ఎండలు ముదిరేలోపే వేళ్లు రావాలి. ఏప్రిల్, మే నెలల్లో వద్దు. డిసెంబరు, జనవరి చలిలో కొమ్మ చావదు, అలాగని వేళ్లూ వేయదు. అలా నెలల తరబడి కూర్చుంటుంది.

గోదావరి జిల్లాల వాళ్లకు వానాకాలంలో గాలే సగం పని చేసిపెడుతుంది. కడియం, కడియపులంక వైపు ఉన్నవాళ్లు నీడలో ఉత్తినే గుచ్చినా కొన్ని బతుకుతాయి. హైదరాబాద్‌లో, రాయలసీమలో వాన ఆగిన మర్నాడే గాలి పొడిగా కొడుతుంది. అక్కడ కవరు కప్పకుండా కుదరదు.

కావలసినవి

- పదునైన కత్తెర లేదా కొత్త బ్లేడు. కూరగాయల కత్తి వద్దు, అది కాడను నలిపేస్తుంది.
- కత్తెర తుడవడానికి స్పిరిట్ లేదా శానిటైజర్.
- దొడ్డు ఇసుక, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సమపాళ్లలో. పెర్లైట్ (నర్సరీల్లో అమ్మే తేలికైన తెల్లటి గుళికలు) దొరికితే ఇసుక బదులు అదే వాడండి.
- కాగితం, ప్లాస్టిక్ టీ గ్లాసులు లేదా కడిగిన పాల ప్యాకెట్లు, అడుగున నాలుగైదు చిల్లులతో. పారదర్శకంగా ఉండే గ్లాసు అయితే వేళ్లు కళ్లకు కనబడతాయి.
- మూతకు రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్, అడుగు కోసేసింది. లేదా పల్చటి పాలిథిన్ కవరు, నాలుగు చీపురు పుల్లలు.
- వేళ్ల పొడి, అంటే రూటింగ్ హార్మోన్. ఉంటే మంచిది, తప్పనిసరి కాదు.

ఇసుక గురించి ఒక మాట. గుప్పెడు ఇసుక గాజు గ్లాసు నీళ్లలో వేసి కలపండి. నీళ్లు బురదగా మారితే ఆ ఇసుకను నాలుగుసార్లు కడిగాకే వాడాలి. ఎం-శాండ్‌లో (రాళ్లు పొడి చేసి తయారుచేసే ఇసుక) పొడి ఎక్కువ, దాన్ని ఇంకా బాగా కడగాలి. సముద్రపు ఇసుక ముట్టుకోవద్దు, ఉప్పు. కోకోపీట్‌లోనూ ఉప్పు ఉంటుంది కాబట్టి ఇటుకను నానబెట్టి, పిండి, మళ్లీ నీళ్లు పోసి పిండి, ఇలా రెండు మూడుసార్లు చేయండి.

తోట మట్టి కలపకండి. నల్లరేగడి అయితే అసలే వద్దు, నీళ్లను పట్టుకుని వదలదు. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు కూడా ఇప్పుడు వద్దు. “కాస్త బలం ఉంటుందని వేశానండీ” అన్నవాళ్ల కొమ్మలే ముందు కుళ్లాయి. వేళ్లే లేని కొమ్మ బలం ఎలా తింటుంది?

చేసే విధానం

1. ముందురోజు సాయంత్రం తల్లి మొక్కకు నిండా నీళ్లు పెట్టండి. దాహంతో ఉన్న మొక్క నుంచి కోసిన కొమ్మ గంటలోనే వాడుతుంది. అదే సమయంలో ఆకుల అడుగున చూడండి. మందారానికి పిండినల్లి ఉందంటే ఆ మొక్కను వదిలేయండి. పిండినల్లితో సహా పది కొత్త మొక్కలు తయారుచేసుకోవడం ఎందుకు?

2. పొద్దున్నే, ఎండ ఎక్కకముందు కోయండి. పూత లేని కొమ్మ చూసుకోండి. కొమ్మ వయసు తెలియాలంటే వంచి చూడాలి. రబ్బరులా వంగి విరగకపోతే మరీ లేత, వారం ఆగండి. వంచగానే టప్పున విరిగితే సరైన వయసు. బలంగా వంచితే గానీ వంగకుండా, బెరడు గోధుమ రంగులోకి తిరిగితే ముదిరిపోయింది.

   మందారానికి మాత్రం ఈ పరీక్ష సరిగా పనిచేయదు. అది గోగు జాతిది, నార ఉంటుంది. విరిగినా నార పట్టుకుని వేలాడుతుంది. దానికి ఆకులు చూడండి: కొసన చిన్న ఆకు, మూడో నాలుగో ఆకు దాదాపు పూర్తి సైజు, కాడ ఇంకా పచ్చగా ఉంటే అది మనకు కావలసిన కొమ్మ.

   ఎక్కువమంది చేసే పొరపాటు ఇక్కడే. లావుగా ఉంటే బలంగా ఉంటుందని వేలి మందం కట్టెను విరిచి తెచ్చుకుంటారు. ఆ కట్టెలో దాచుకున్న ఆహారంతో చిగురు వేస్తుంది, మనం సంబరపడతాం. అడుగున మాత్రం ఏమీ ఉండదు.

3. కోసిన వెంటనే తడి గుడ్డలో చుట్టి కవర్లో వేయండి. వేరే ఊరి నుంచి తెస్తుంటే తడి పేపర్లో చుట్టి, కవరు మూతి కట్టి, నీడన పెట్టుకోండి. కారు డాష్‌బోర్డు మీద పెట్టి తెచ్చినవాటిని అవతల పారేయడమే.

4. కొమ్మను నాలుగు నుంచి ఆరు అంగుళాల పొడవుకు, కనీసం మూడు కణుపులు ఉండేలా సరిచేయండి. అడుగు కోత కణుపుకి సరిగ్గా కింద, పావు అంగుళం లోపే పడాలి. చాలా మొక్కల్లో వేళ్లు ఆ కణుపు చుట్టూనే ముందుగా లేస్తాయి. కణుపు కింద పొడుగ్గా కాడ వదిలితే ఆ మిగులు భాగమే ముందు కుళ్లి పైకి పాకుతుంది.

5. కింద సగంలో ఉన్న ఆకులన్నీ తీసేయండి, కాడ చీలకుండా. పైన రెండు మూడు ఆకులు చాలు. అవి పెద్దవైతే ఒక్కో ఆకును అడ్డంగా సగానికి కత్తిరించండి. చూడ్డానికి అందంగా ఉండదు కానీ నీళ్లు పోవడం తగ్గుతుంది. మొత్తం ఆకులు తీసేయడం కూడా తప్పే: లేత కొమ్మలో నిల్వ ఆహారం తక్కువ, ఆ రెండు ఆకులే దాన్ని పోషించాలి. మొగ్గ ఎంత చిన్నదైనా గిల్లేయండి. దేవుడికి పనికొస్తుందని ఉంచితే పువ్వూ దక్కదు, మొక్కా దక్కదు.

   నందివర్ధనానికి, గన్నేరుకి పాలు కారతాయి. కోసిన చివరను నీళ్లలో ఓసారి జాడించి, పాలు ఆగాక తడి తుడిచి వాడండి. గన్నేరు విషం. చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లల్నీ కుక్కపిల్లనీ దగ్గరికి రానివ్వకండి.

6. పొడి వాడేటట్లయితే కొంచెం కాగితం మీద పోసుకుని, కాడ అడుగు అర అంగుళం అందులో అద్ది, ఎక్కువైంది దులపండి. డబ్బాలోనే ముంచితే తడి తగిలి మిగతా పొడంతా పాడవుతుంది. కొనేటప్పుడు డబ్బా మీద ఐబీఏ (వేళ్లు తెప్పించే హార్మోన్) శాతం చూడండి. లేత కొమ్మలకు 0.1 శాతం, అంటే 1000 పీపీఎం, సరిపోతుంది. 0.3, 0.8 శాతం ఉన్నవి ముదురు కొమ్మలకు. ఘాటు ఎక్కువైతే లేత కాడ మాడి నల్లబడుతుంది. ఎక్కువ అద్దితే ఎక్కువ వేళ్లు రావు.

   పసుపు, దాల్చినచెక్క పొడి, తేనె, కలబంద గుజ్జు అని అందరూ అడుగుతారు. పసుపు, దాల్చినచెక్క వేళ్లు తెప్పించవు. బూజును కొంత ఆపుతాయేమో అని అద్దుకుంటే అద్దుకోండి. కలబంద గుజ్జులో గుచ్చినవి నాకైతే జిగురుపట్టి కుళ్లాయి. కోలియస్, కనకాంబరం లాంటివాటికి ఏమీ అక్కర్లేదు.

7. ఇసుక, కోకోపీట్ మిశ్రమాన్ని తడిపి, గుప్పిట్లో గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరి. ధార కారితే నీళ్లు ఎక్కువ, ఆరబెట్టండి. గ్లాసులో నింపి, పెన్సిల్‌తో ముందు గుంట చేసి, ఆ గుంటలో కొమ్మ దించండి. నేరుగా గుచ్చితే పొడి పైనే రాలిపోతుంది, కోసిన చోట గీరుకుంటుంది. కనీసం ఒక కణుపు, వీలైతే రెండు, లోపల ఉండాలి. చుట్టూ వేలితో నొక్కండి. తలకిందులుగా పెట్టకండి. నవ్వొస్తుంది గానీ ఆకులన్నీ తీసేసి, ఏది పైనో తెలియక పెట్టినవాళ్లున్నారు. అడుగు కోతను ఎప్పుడూ ఏటవాలుగా కోస్తే ఆ గొడవ ఉండదు.

8. ఒకసారి నీళ్లు చిలకరించి బాటిల్ మూత బోర్లించండి, లేదా చీపురు పుల్లలు గుచ్చి కవరు కప్పండి. ఆకు కవరుకు అంటుకోకూడదు. తేదీ, మొక్క పేరు గ్లాసు మీద మార్కర్‌తో రాయండి. మూడు వారాల తర్వాత ఏది ఎర్ర మందారమో ఏది పసుపుదో గుర్తుండదు.

9. వెలుతురు బాగా ఉండి ఎండ తగలని చోట పెట్టండి. ఉత్తరం వైపు కిటికీ, చెట్టు నీడ, మిద్దెతోటలో గ్రీన్ నెట్ కింద. కవరు కప్పినదాన్ని ఎండలో పెడితే మధ్యాహ్నానికి లోపల కొమ్మ ఉడికిపోతుంది. చీకటి గదిలో పెడితే ఆకులు పండి రాలతాయి.

వేళ్లు వచ్చేదాకా

రోజూ నీళ్లు పోయకండి. ఇది చాలామంది వల్ల కావడం లేదు. కవరు లోపల సన్నటి ఆవిరి పట్టి ఉంటే ఏమీ చేయనక్కర్లేదు. నీళ్లు ధారలుగా జారుతుంటే కాసేపు తీసి ఆరనివ్వండి. ఆవిరే లేకపోతే ఆకుల మీద స్ప్రే చేయండి. రోజు విడిచి రోజు పది నిమిషాలు మూత తీసి గాలి ఆడనిస్తే బూజు రాదు. రాలిన ఆకును వెంటనే ఏరేయండి.

ఒక కొమ్మ అడుగున నల్లబడితే దాన్ని గ్లాసుతో సహా పక్కకు తీసేయండి. అందుకే ఒక్కో గ్లాసులో ఒకటే పెట్టమనేది. ఐదారు ఒకే కుండీలో పెడితే ఒకదాని కుళ్లు అందరికీ పాకుతుంది. వానాకాలంలో కుళ్లు మరీ ఎక్కువగా ఉంటే కార్బెండజిమ్ అనే బూజు మందు లీటరు నీటికి ఒక గ్రాము కలిపి మిశ్రమాన్ని ఓసారి తడపవచ్చు. చేతికి గ్లవుజులు వేసుకోండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మందు జోలికి పోకుండా కొత్త ఇసుకతో మళ్లీ మొదలుపెట్టమంటాను.

వేళ్లు వచ్చాయని ఎలా తెలుస్తుంది?

కొత్త ఆకు వచ్చినంత మాత్రాన వేళ్లు వచ్చినట్టు కాదు. గేటు దగ్గర అడిగేవాళ్లందరూ మోసపోయేది ఇక్కడే. కొమ్మ తన దగ్గరున్నదాంతో ఒకటి రెండు ఆకులు వేయగలదు. అది చూసి ఎండలోకి తెచ్చి పెట్టారా, రెండు రోజుల్లో అయిపోతుంది.

వానాకాలపు వెచ్చదనంలో సుమారు లెక్క ఇది: కోలియస్ పది రోజులు, డురాంటా, కనకాంబరం మూడు నాలుగు వారాలు, ఎర్ర మందారం, నందివర్ధనం నాలుగైదు వారాలు, మల్లె కూడా అంతే లేదా ఇంకో వారం, నూరు వరహాలు ఆరు నుంచి ఎనిమిది వారాలు. అప్పటిదాకా పీకి చూడొద్దు. దారం లాంటి కొత్త వేరు పీకినప్పుడే తెగుతుంది, మళ్లీ గుచ్చితే మళ్లీ మొదటికొస్తుంది.

గడువు నిండాక ఆకు పట్టుకుని చాలా మెల్లగా పైకి లాగి చూడండి. కొమ్మ కదలకుండా పట్టుకున్నట్టు అనిపిస్తే వేళ్లు వచ్చాయి. తేలిగ్గా జారి వస్తుంటే ఆపేసి అలాగే వదిలేయండి. పారదర్శక గ్లాసు అయితే ఈ పరీక్షే అక్కర్లేదు, గోడల వెంట తెల్లటి వేళ్లు కనబడతాయి. అడుగు చిల్లుల్లోంచి వేరు తొంగి చూస్తే ఇక అనుమానం లేదు.

పొరపాటున కొమ్మ బయటికి వచ్చేస్తే అడుగు చూడండి. తెల్లగా, బుడిపెలా ఉబ్బి ఉంటే పాడవలేదు. అది వేరుకు ముందు కోత మానే దశ. జాగ్రత్తగా తిరిగి గుంటలో దించి కవరు కప్పండి. మెత్తగా, గోధుమ రంగులో, వాసన వస్తుంటే పారేయండి.

నీళ్ల సీసాలో పెడితే?

కోలియస్, మందారం నీళ్లలోనూ వేళ్లు వేస్తాయి. ఆకులు నీళ్లలో మునగకూడదు, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. ఇక్కడ చిక్కు తర్వాత వస్తుంది. నీళ్లలో పెరిగిన వేళ్లు పెళుసుగా ఉంటాయి. వేళ్లు అంగుళం రాగానే మట్టిలోకి మార్చండి. గుబురుగా పెరిగాక మారుద్దామని ఆగితే మార్చేటప్పుడు సగం విరుగుతాయి. నేనైతే ఇసుకే ఇష్టపడతాను.

విదేశాల్లో ఉండే మనవాళ్లు మల్లె కొమ్మ సూట్‌కేసులో తెచ్చుకోవచ్చా అని అడుగుతుంటారు. వద్దు. చాలా దేశాల్లో మొక్కల మీద క్వారంటైన్ నిబంధనలు కఠినంగా ఉంటాయి. విమానాశ్రయంలో తీసేసుకుంటారు, కొన్నిచోట్ల జరిమానా కూడా వేస్తారు. అక్కడే మొక్క ఉన్న స్నేహితులను అడగండి. చలి దేశాల్లో మే, జూన్ చిగుళ్లే దీనికి సరిపోతాయి, మిగతా పద్ధతి ఇదే.

కుండీలోకి మార్చడం

వేళ్లు అంగుళం దాటాక మూత ఒక్కసారిగా తీసేయకండి. మొదటిరోజు ఓ గంట, తర్వాత పూట, తర్వాత రోజంతా, ఇలా వారం పది రోజుల్లో బయటి గాలికి అలవాటు చేయాలి. ఆకు వాడినట్టు కనిపిస్తే మళ్లీ కప్పి, మర్నాడు తక్కువసేపు తీయండి.

ఆ తర్వాత నాలుగైదు అంగుళాల కుండీలోకి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగా మాగిన ఎరువు కలిపి మార్చండి. గ్లాసును కోసి ముద్ద చెదరకుండా తీయండి, కొమ్మ పట్టుకుని లాగొద్దు. రెండు వారాలు నీడలోనే ఉంచి, తర్వాత పొద్దుటి ఎండకు, ఆ తర్వాతే పూర్తి ఎండకు. డీఏపీ లాంటి రసాయన ఎరువు గుళికలు ఇప్పుడప్పుడే వేయకండి. లేత వేళ్లు మాడతాయి. నాలుగైదు కొత్త ఆకులు వేశాక కొస గిల్లితే పక్క కొమ్మలు లేచి గుబురుగా వస్తుంది. కొస గిల్లడానికి మనసొప్పదు గానీ గిల్లకపోతే ఒంటికొమ్మగా కర్రలా పెరుగుతుంది.

ఎప్పుడూ కావలసినదానికి మూడు రెట్లు కొమ్మలు పెట్టుకోండి. రెండు మొక్కలు కావాలంటే ఆరు. ఆరూ బతికితే పంచిపెట్టొచ్చు. మా గేటు దగ్గర ఆగినవాళ్లకి నేనిప్పుడు ఉత్త కొమ్మ ఇవ్వడం మానేశాను, వేళ్లు కనబడుతున్న గ్లాసే ఇస్తున్నాను. బాటిల్ మూత మాత్రం తిరిగి తెచ్చివ్వమంటాను, ఆషాఢంలో అవే నాకు చాలవు.